అవ్వ పాట కంప్యూటర్‌లోకి ఎట్లా ఎక్కింది?
(సౌండ్ కార్డు డిజిటల్ ఇన్‌పుట్ గురించి కొన్ని అనుభవాలు)



సంచికలో ఒక కంప్యూటర్ వ్యాసం ఉండాలని వార్డెన్ సారు అన్నారు. ఆ పని మా మీద పడింది. కంప్యూటర్ అంటే ఏమిటి, దాని భాగాలెన్ని అని రాస్తే మీరు పేజీ తిప్పేస్తారని మాకు తెలుసు. చదువుకునే రోజుల్లో మేమూ అట్లాగే తిప్పేవాళ్ళం. అందుకని ఈ వార్షికోత్సవం పనుల్లో మాకు నిజంగా ఎదురైన ఒక చిక్కును, దాన్ని విప్పిన తీరును, విప్పడంలో మేము చేసిన తప్పును ఉన్నదున్నట్టు రాస్తున్నాం.

రెండు డిస్కులు

ఆఫీసు గదిలో పాత రిజిస్టర్ల కింద మాకు రెండు డిస్కులు దొరికాయి. ఒకటి 2005 వార్షికోత్సవం వీసీడీ. రెండోది 2009 నాటి డీవీడీ. అప్పటికి కొత్తగూడ ఇంకా వరంగల్ జిల్లాలోనే ఉంది. 2016 అక్టోబరులో మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చాం.

2005 డిస్కులో ఏముందో పాత అన్నలు ఫోనులో చెప్పారు. మన హాస్టల్లో ఎన్నో ఏళ్ళు వంట చేసిన అవ్వను ఆ రోజు పిల్లలందరూ బతిమాలి స్టేజీ ఎక్కించారట. ఆమె కోయ భాషలో సమ్మక్క పాట పాడిందట. అవ్వ ఇప్పుడు లేదు. ఆమె మనవడు మాత్రం ఇదే హాస్టల్లో తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. వాడు పుట్టకముందే ఆమె పోయింది. ఆమె గొంతు వాడెప్పుడూ వినలేదు.

పాటే కదా అని అనుకోవడానికి లేదు. సమ్మక్క భర్తగా కొలిచే పగిడిద్దరాజును పూనుగొండ్ల నుంచి మేడారం తీసుకుపోయేది మన ప్రాంతం వాళ్ళే. కానీ ఆ కథలు మన పాఠ్యపుస్తకాల్లో కన్నా పాడేవాళ్ళ గొంతుల్లోనే ఎక్కువ ఉన్నాయి. మణుగూరు మండలం కూనవరానికి చెందిన డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారు ఆ కథలను కోయలోనూ తెలుగులోనూ పాడేవారు. ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. పాడేవాళ్ళు పోతే పాట నిలిచేది రికార్డులోనే. అందుకే ఆ డిస్కు మాకు బంగారమంత విలువైనదిగా కనిపించింది.

డిస్కును కంప్యూటర్ డ్రైవులో పెడితే గిర్రున తిరిగి ఆగిపోయింది. ఇంకో రెండు కంప్యూటర్లలో పెట్టినా అంతే. అయితే టీవీ గదిలోని పాత డీవీడీ ప్లేయర్‌లో పెడితే ఆగుతూ ఆగుతూ ఆడింది. దీనికి కారణం ఉంది. కంప్యూటర్ డ్రైవు ఫైలును ఒక్క అక్షరం తప్పకుండా చదవాలని చూస్తుంది. చదవలేని చోట మళ్ళీ మళ్ళీ ప్రయత్నించి చివరికి చేతులెత్తేస్తుంది. ప్లేయర్‌కు అంత పట్టింపు లేదు. చదవలేని చోటును దాటుకుని ముందుకు పోతుంది. కాబట్టి ప్లేయర్ ఆడుతుండగా ఆ శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పట్టుకోవడమొక్కటే దారి.

డిజిటల్ దారి అంటే ఏమిటి?

మొదట అందరూ చేసే పనే చేశాం. ప్లేయర్ వెనక ఎరుపు, తెలుపు జాకుల నుంచి వైరు తెచ్చి కంప్యూటర్ వెనక నీలం రంగు లైన్ ఇన్‌లో పెట్టాం. పాట వచ్చింది. పాట వెనకాల తేనెతుట్టె దగ్గర నిలబడ్డట్టు ‘గుయ్’మని ఒక శబ్దం కూడా వచ్చింది. మన కరెంటు సెకనుకు 100 సార్లు దిశ మారుతుంది. ఎర్తింగ్ సరిగా లేని చోట ఆ కరెంటే వైర్లలోకి దూరి ఇట్లా మోగుతుంది. అవ్వ గొంతు మెత్తనిది. ఆ మోతలో అది మునిగిపోతున్నది.

ప్లేయర్ వెనక నారింజ రంగు జాకు ఒకటి ఉంటుంది. దాని కింద ‘కోయాక్సియల్’ అని రాసి ఉంటుంది. అది డిజిటల్ అవుట్‌పుట్. ఎరుపు, తెలుపు జాకుల నుంచి వచ్చేది శబ్దపు అలలాగే పెరిగి తరిగే కరెంటు. నారింజ జాకు నుంచి వచ్చేది అంకెలు. సీడీ పద్ధతిలో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్ల అంకెగా రాస్తారు. కుడి ఎడమ రెండు వైపులా కలిపితే సెకనుకు 14,11,200 బిట్లు. అంకెలను పంపేటప్పుడు కరెంటు మోత కొంచెం కలిసినా సున్నా సున్నాగానే, ఒకటి ఒకటిగానే చేరుతుంది. గోడ మీద సున్నపు గీతలు కొంచెం చెరిగినా ఎన్ని గీతలో లెక్కపెట్టగలం కదా, అట్లా.

ఈ అంకెలను ఒక పరికరం నుంచి ఇంకో పరికరానికి పంపే పద్ధతిని ఎస్‌పిడిఐఎఫ్ అంటారు. సోనీ, ఫిలిప్స్ కంపెనీలు కలిసి తెచ్చిన పద్ధతి కనుక ఆ రెండు పేర్లూ అందులో ఉన్నాయి. అంతర్జాతీయ ప్రమాణంలో దాని నంబరు ఐఈసి 60958. లినక్స్‌లో ఇప్పటికీ పాత నంబరుతో ‘ఐఈసి958’ అని కనిపిస్తుంది. రెండూ ఒకటేనని గుర్తుపెట్టుకుంటే గాబరా ఉండదు. ఇది రెండు రకాల తీగల్లో నడుస్తుంది. రాగి తీగ అయితే కోయాక్సియల్. వెలుతురు పోయే తీగ అయితే ఆప్టికల్. రెండోదాన్ని 1983లో తోషిబా కంపెనీ తెచ్చింది, అందుకే టాస్‌లింక్ అని కూడా అంటారు. కోయాక్సియల్‌కు 75 ఓమ్‌ల తీగ కావాలి. టీవీకి పెట్టే పసుపు రంగు వీడియో వైరు కూడా 75 ఓమ్‌లదే. కాబట్టి వేరే వైరు కొనకుండా దాంతోనే పని నడుస్తుంది.

డిజిటల్ ఇన్‌పుట్ ఉన్న ఒక పాత పిసిఐ సౌండ్ కార్డు మాకు తెలిసిన అన్న దగ్గర దొరికింది. దాన్ని విండోస్ 7 ఉన్న పాత డెస్క్‌టాప్‌లో బిగించాం. ఇక పాట రావడమే ఆలస్యం అనుకున్నాం. అక్కడి నుంచి రెండు రోజులు పట్టింది.

మొదటి చిక్కు: తప్పు రంధ్రం

వైరు పెట్టాం. డిస్కు వేశాం. చప్పుడు లేదు. “కార్డు కాలిపోయిందేమో అన్నా” అన్నాడు ఒక తమ్ముడు. పట్నంలో ఒక దుకాణం వాళ్ళను ఫోనులో అడిగితే, పాతది పారేసి కొత్తది కొనుక్కోమన్నారు.

నిజానికి కార్డుకు ఏమీ కాలేదు. దాని వెనక ఒకేలాంటి జాకులు రెండున్నాయి. ఒకటి ఇన్, ఇంకొకటి అవుట్. మేము ప్లేయర్ అవుట్ నుంచి తెచ్చిన వైరును కార్డు అవుట్‌లోనే పెట్టాం. రెండు పంపు గొట్టాల మూతులు ఎదురెదురుగా కట్టి నీళ్ళు రావడం లేదన్నట్టు ఉంది మా సంగతి.

ఇది నవ్వుకోవాల్సిన తప్పు కాదు, చాలామంది చేసేదే. కంప్యూటర్ మదర్‌బోర్డుల మీద డిజిటల్ జాకు ఉందంటే ఎక్కువసార్లు అది అవుటే. ఇన్ ఉండటం అరుదు. రంగు చూసి నమ్మకూడదు, పక్కన చెక్కిన చిన్న అక్షరాలు చదవాలి. ఆప్టికల్ అయితే ఒక సుళువు ఉంది. అవుట్ జాకులోంచి ఎర్రటి వెలుతురు కనిపిస్తుంది. ఇన్ జాకు చీకటిగా ఉంటుంది.

రెండో చిక్కు: మీటరు ఆడుతుంది, రికార్డు కాదు

వైరు మార్చగానే కార్డు వాళ్ళ ప్యానెల్‌లో ‘ఎస్‌పిడిఐఎఫ్ ఇన్’ అన్న చోట పచ్చ గీతలు పైకీ కిందికీ ఆడాయి. స్పీకర్లో పాట వినపడింది. అందరం చప్పట్లు కొట్టాం. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రికార్డు నొక్కాం. పాట మొత్తం అయ్యాక చూస్తే తెర మీద అడ్డంగా ఒక్క గీత. అంటే నిశ్శబ్దం రికార్డయింది.

ఇక్కడే అసలు విషయం ఉంది. దయచేసి ఈ పేరా రెండుసార్లు చదవండి. పాకాల చెరువు నిండా నీళ్ళున్నా మన పొలానికి పారే తూము తెరవకపోతే చుక్క రాదు. పక్క తూము తెరిస్తే పక్క పొలానికి పారుతుంది. సౌండ్ కార్డు లోపల కూడా అంతే. మైకు, లైన్ ఇన్, డిజిటల్ ఇన్ అని వచ్చే కాలువలు కొన్ని. స్పీకర్, రికార్డింగ్ అని పోయే కాలువలు కొన్ని. ఏ కాలువను ఏ కాలువకు కలపాలో చెప్పడాన్ని రూటింగ్ అంటారు. వినపడే దారి వేరు, రికార్డయ్యే దారి వేరు. స్పీకర్లో వినపడిందంటే నీళ్ళు చెరువులోకి వచ్చాయని మాత్రమే అర్థం. పొలానికి చేరాయని కాదు.

మా ఆడాసిటీలో రికార్డింగ్ డివైస్ దగ్గర అదే కార్డు పేరు ఉంది. కానీ అది ఆ కార్డులోని లైన్ ఇన్ జత. డిజిటల్ ఇన్ అదే పేరుతో, చివర ఎస్‌పిడిఐఎఫ్ అనే తోకతో కింద ఇంకో వరుసలో ఉంది. పేరు మొదటి సగం చూసి ఎంచుకోవడం వల్ల వచ్చిన తిప్పలు. దాన్ని మార్చగానే గీత అలలు అలలుగా లేచింది.

చేసిన తప్పు

ఇక్కడ కథ ఆపి ఒక మాట చెప్పాలి. ఈ రెండు చిక్కులు విప్పేలోగా మేము అవ్వ డిస్కును పదిసార్లకు పైగా ప్లేయర్‌లో పెట్టాం, తీశాం, చొక్కా కొసతో తుడిచాం. ఇంట్లో రాసుకునే సీడీల్లో సమాచారం ఉండే పొర, మెరిసే పొర అడుగున ఉండవు, పైన పేరు రాసే వైపే ఉంటాయి. పాతబడ్డ డిస్కులకు ఆ పైపొర పొలుసులుగా లేస్తుంది. పొలుసు రాలిన చోట ఇక ఏ యంత్రమూ చదవలేదు. మొదటి రోజు స్పీకర్లో మేము విన్న ఒక చరణం, రెండో రోజు రాలేదు. వేలికి మెరుపు పొడి అంటింది.

కార్డు సరిగా పనిచేస్తుందో లేదో చూసుకోవడానికి అవ్వ డిస్కు అక్కరలేదు. ఏ సినిమా పాటల సీడీ అయినా సరిపోయేది. ఆ సంగతి మాకు చరణం పోయాకే తట్టింది. మీరు మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. పోతే తిరిగి రాని డిస్కునైనా క్యాసెట్‌నైనా ప్రయోగాలకు వాడకూడదు. అన్నీ సరిచూసుకున్నాక ఆఖరున ఒక్కసారే దాన్ని ముట్టుకోవాలి.

అప్పటి నుంచి డిస్కును కవరులో పెట్టి సారు టేబుల్ సొరుగులో దాచాం. ఘంటసాల పాటల సీడీ ఒకటి తెచ్చి పరీక్షలన్నీ దాంతోనే చేశాం.

మూడో చిక్కు: టిక్కు టిక్కు

ఘంటసాల పాట రికార్డయింది. కానీ మధ్యమధ్య పుల్లలు విరిగినట్టు ‘టిక్కు’ మని వినిపిస్తోంది. వైరు మార్చినా పోలేదు.

మన ఇళ్ళల్లో ఒకే రోట్లో ఇద్దరు రోకళ్ళతో దంచడం చూసే ఉంటారు. ఒకరి రోకలి లేచినప్పుడు ఇంకొకరిది పడాలి. ఇద్దరికీ ఒకే లయ ఉంటేనే దంపు సాగుతుంది. ఎవరి లయ వారిదైతే రోకళ్ళు ఢీకొంటాయి. డిజిటల్ శబ్దంలో ఆ లయను క్లాక్ అంటారు. ప్లేయర్‌లో ఒక క్లాక్ ఉంటుంది, సౌండ్ కార్డులో ఒకటి ఉంటుంది. రెండూ సెకనుకు 44,100 అనే చెబుతాయి. కానీ రెండు గడియారాలు ఎన్నడూ సరిగ్గా ఒకేలా నడవవు. పది లక్షలకు 50 వంతుల తేడా ఉందనుకుందాం. అది ఎంతో చిన్న తేడా. అయినా సెకనుకు దాదాపు రెండు కొలతలు ఎక్కువో తక్కువో అవుతాయి. ఎక్కువైతే పారేయాలి, తక్కువైతే పాతదాన్నే మళ్ళీ వాడాలి. అట్లా అతికిన చోటే ‘టిక్కు’ మంటుంది.

దీనికి మందు సులభం. కార్డు ప్యానెల్‌లో క్లాక్ దగ్గర ‘ఇంటర్నల్’ అని ఉంది. అంటే కార్డు తన లయలోనే దంచుతానంటోంది. దాన్ని ‘ఎస్‌పిడిఐఎఫ్’కు మార్చాం. అప్పుడు కార్డు ప్లేయర్ లయను అందుకుంటుంది. ‘లాక్డ్’ అని ఒక గుర్తు వచ్చింది. టిక్కులు పోయాయి. పని అయ్యాక తిరిగి ఇంటర్నల్‌కు మార్చడం మరువకూడదు. మరిస్తే ప్లేయర్ ఆపగానే కంప్యూటర్‌లో ఏ పాటా సరిగా ఆడక, కొత్త చిక్కు వచ్చిందని కంగారుపడాల్సి వస్తుంది.

నాలుగో చిక్కు: ఘంటసాల గొంతు సన్నబడింది

టిక్కులు లేని రికార్డును ఆడించాం. ఘంటసాల గారు పదిహేనేళ్ళ పిల్లవాడిలా, బస్సు తప్పిపోతుందన్నంత తొందరగా పాడుతున్నారు. గదిలో అందరూ పడీపడీ నవ్వారు.

నవ్వు ఆగాక లెక్క వేశాం. సీడీ నుంచి సెకనుకు 44,100 కొలతలు వస్తున్నాయి. విండోస్‌లోనూ ఆడాసిటీలోనూ మాత్రం 48,000 అని పెట్టి ఉంది. కార్డు ఇప్పుడు ప్లేయర్ లయలో నడుస్తోంది కనుక 44,100 చొప్పునే ఇచ్చింది. సాఫ్ట్‌వేర్ వాటి మీద 48,000 అని చీటీ అంటించింది. ఆడించేటప్పుడు ఆ చీటీ చూసి సెకనుకు 48,000 చొప్పున ఖర్చుపెట్టింది. పది నిమిషాల పాట 9 నిమిషాల 11 సెకన్లలో అయిపోతుంది. శ్రుతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానాలు పైకి పోతుంది.

డీవీడీలు, వీడియో పరికరాలు 48,000 వాడతాయి. ఆడియో సీడీలు, వీసీడీలు 44,100 వాడతాయి. ఏ డిస్కు పెడితే ఆ అంకెను మూడు చోట్ల ఒకేలా ఉంచాలి. కార్డు ప్యానెల్, విండోస్ సౌండ్ సెట్టింగు, రికార్డు చేసే సాఫ్ట్‌వేర్. ఇప్పటికే తప్పు చీటీతో రికార్డయితే భయపడక్కరలేదు. అంకెలు పోలేదు, చీటీయే తప్పు. ఆడాసిటీలో ఆ ట్రాక్ మెనూలో ‘రేట్’ దగ్గర 44,100 ఎంచుకుంటే గొంతు మామూలుగా అవుతుంది.

ఇందులో మేము నేర్చుకున్నది ఇంకొకటి ఉంది. ఈ తప్పును ఘంటసాల గొంతుతో వెంటనే పట్టుకున్నాం, ఎందుకంటే ఆ గొంతు అందరికీ తెలుసు. అదే అవ్వ పాటతో జరిగి ఉంటే? మాలో ఎవరికీ ఆమె గొంతు తెలియదు. సన్నటి గొంతునే ఆమె గొంతనుకుని వార్షికోత్సవంలో వినిపించేవాళ్ళం. మనవడు అదే తన నానమ్మ గొంతని జీవితాంతం గుర్తుపెట్టుకునేవాడు. పరీక్షకు ఎప్పుడూ తెలిసిన గొంతునే వాడాలి.

ఐదో చిక్కు: జోరువాన

2009 డీవీడీ పెట్టినప్పుడు పాటకు బదులు రేకుల మీద జోరువాన పడ్డట్టు చెవులు చిల్లులుపడే శబ్దం వచ్చింది. హెడ్‌ఫోన్ పెట్టుకున్న తమ్ముడు ఎగిరిపడ్డాడు.

డీవీడీలో శబ్దం చాలాసార్లు డాల్బీ పద్ధతిలో కుదించి ఉంటుంది. ప్లేయర్ దాన్ని విప్పకుండా మూటతో సహా పంపగలదు. ఇంట్లో పెద్ద యాంప్లిఫయర్ ఉన్నవాళ్ళకు అట్లా కావాలి, అది మూట విప్పుకుంటుంది. మన సౌండ్ కార్డు మూటనే శబ్దమనుకుని వినిపిస్తుంది. అదే ఆ వాన. ప్లేయర్ సెటప్ మెనూలో ఆడియో కింద డిజిటల్ అవుట్ అనే చోట ‘రా’ అనో ‘బిట్‌స్ట్రీమ్’ అనో ఉంటే ‘పిసిఎం’కు మార్చాలి. అప్పుడు ప్లేయరే మూట విప్పి అంకెలను మాత్రమే పంపుతుంది. మార్చాం, రేటు 48,000కు పెట్టాం, సాఫీగా వచ్చింది. కొత్త డిస్కు ఏది పెట్టినా మొదటి క్షణంలో హెడ్‌ఫోన్ చెవికి పెట్టుకోవద్దని ఆ తమ్ముడు మీ అందరికీ చెప్పమన్నాడు.

మీ కంప్యూటర్ కొత్తదైతే

విండోస్ 10, 11లో ఇంకో తలుపు ఉంది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద మైక్రోఫోన్ అనుమతి తీసేసి ఉంటే మైకే కాదు, లైన్ ఇన్, డిజిటల్ ఇన్ కూడా నిశ్శబ్దంగానే రికార్డవుతాయి. పేరు మైక్రోఫోన్ అని ఉండటం వల్ల ఎవరికీ అనుమానం రాదు. రికార్డింగ్ పరికరాల జాబితాలో డిజిటల్ ఇన్ అసలే కనపడకపోతే అక్కడ ఖాళీ చోట కుడి బటన్ నొక్కి, డిసేబుల్ చేసిన పరికరాలను చూపించమని టిక్ పెట్టాలి.

లినక్స్ అయితే టెర్మినల్‌లో ఆల్సామిక్సర్ తెరవాలి. ఎఫ్6తో కార్డును ఎంచుకోవాలి, ఎఫ్4 నొక్కితే రికార్డింగ్ వైపు తూములు కనిపిస్తాయి. కావలసినదాని మీద స్పేస్ బార్ నొక్కితే ‘క్యాప్చర్’ అని ఎర్రగా వెలుగుతుంది. కొన్ని కార్డులకు ‘ఐఈసి958 ఇన్ మానిటర్’, ‘ఐఈసి958 ఇన్ రికార్డ్’ వంటి పేర్లు వేర్వేరుగా ఉంటాయి. మానిటర్ అంటే వినడానికి, రికార్డ్ అంటే పట్టుకోవడానికి. రెండో చిక్కు గుర్తుందిగా!

కొత్తగా కొనాలనుకుంటే డిజిటల్ ఇన్ ఉన్న యూఎస్‌బి సౌండ్ కార్డులు దొరుకుతాయి. పెట్టె మీద ‘ఆప్టికల్’ అన్న మాట చూసి కొనవద్దు. అది ఇన్నా, అవుటా అని అడిగి కొనండి.

వరుసగా చూడాల్సినవి

1. డిస్కు కంప్యూటర్‌లో చదవబడుతుంటే ఈ తిప్పలేవీ వద్దు. ఫైళ్ళు నేరుగా కాపీ చేసుకోండి.
2. పరీక్షకు తెలిసిన గొంతున్న మామూలు సీడీ వాడండి.
3. వైరు అవుట్ నుంచి ఇన్‌కే పోతోందా?
4. ప్లేయర్‌లో పిసిఎం ఉందా?
5. కార్డు ప్యానెల్‌లో డిజిటల్ ఇన్ మీటరు ఆడుతోందా? ఆడకపోతే తప్పు వైరు వైపు ఉంది. ఆడుతుంటే తప్పు సాఫ్ట్‌వేర్ వైపు ఉంది.
6. రికార్డు చేసే సాఫ్ట్‌వేర్‌లో పరికరం పేరు చివరిదాకా చదివారా?
7. క్లాక్ బయటిదానికి మార్చారా?
8. రేటు మూడు చోట్ల ఒకటేనా?
9. ఒకసారి ఒక్కటే మార్చండి. మార్చింది కాగితం మీద రాసుకోండి. మూడు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తెలియదు.

ఐదో అంశం అన్నిటికన్నా ముఖ్యం. దారి మధ్యలో నిలబడి నీళ్ళు ఇక్కడిదాకా వచ్చాయా అని అడిగితే సగం దారి వెతకడం తప్పుతుంది. మోటారు చెడినా, సైకిల్ చెడినా ఇదే పద్ధతి.

చివరగా

అన్నీ సరిచూసుకున్నాక, మూడో రోజు పొద్దున్నే కరెంటు నిలకడగా ఉన్న సమయం చూసి, అవ్వ డిస్కును ఒక్కసారి పెట్టాం. ఎవరూ మాట్లాడలేదు. పాట వచ్చింది. రెండు చోట్ల తెగింది. పోయిన చరణం పోయినట్టే ఉంది. వెనక పిల్లల చప్పట్లు, ఎవరో ఈల వేయడం, అవ్వ మధ్యలో ఆగి నవ్వడం అన్నీ వచ్చాయి.

మనవడిని పిలిచి వినిపించాం. వాడు ఏడుస్తాడేమోనని మేము భయపడ్డాం. వాడు ఏడవలేదు. మొదటిసారి ఊరికే విన్నాడు. రెండోసారి విని, “ఒక మాట నాకు తెలుస్తలేదన్నా, మా అమ్మను అడగాలె” అన్నాడు. ఆదివారం వాళ్ళమ్మ హాస్టల్‌కు వచ్చింది. ఆ మాట అర్థం చెప్పింది. పోయిన చరణం గురించి అడిగితే సగం గుర్తుందని, ఆ సగం నెమ్మదిగా పాడింది. దానికి సౌండ్ కార్డు, వైర్లు ఏవీ అక్కరలేకపోయింది. మామూలు ఫోనులోనే రికార్డు చేశాం. మిగతా సగం తెలిసినవాళ్ళు ఊళ్ళో ఎవరన్నా ఉన్నారేమో అడుగుతానని చెప్పి వెళ్ళింది.

ఆ కుటుంబం ఒప్పుకున్నాకే ఈ వార్షికోత్సవంలో పాటను వినిపిస్తున్నాం. ఫైలు మూడు చోట్ల దాచాం. ఒకటి ఆఫీసు కంప్యూటర్‌లో, ఒకటి పెన్ డ్రైవులో, ఒకటి వాళ్ళింట్లో. ఒక్కచోటే ఉన్నది ఎప్పుడు పోతుందో చెప్పలేం, ఆ సంగతి మా వేలికి అంటిన మెరుపు పొడి చెప్పింది.

ఈ వ్యాసం చదువుతున్న అన్నలకు ఒక విన్నపం. మీ ఇళ్ళల్లో అటకల మీద పాత క్యాసెట్లు, డిస్కులు ఉంటాయి. పెళ్ళిళ్ళవి, జాతరవి, మన హాస్టల్‌వి. వాటిని పారేయకండి, తుడవకండి, ఊరికే ఆడించి చూడకండి. మా దగ్గరికి తెండి. కార్డు ఉంది, పసుపు వైరు ఉంది, ఘంటసాల సీడీ కూడా సిద్ధంగా ఉంది.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.